సార్ ‘నీ వల్ల కాదు’ అన్నప్పుడు

టీచరు అన్న మాట పిల్లల మనసులో ఎంతకాలం ఉంటుందో అన్నవారికి చాలాసార్లు తెలియదు. ‘లెక్కలు నీ బుర్రకెక్కవు’, ‘మీ అక్కను చూసి నేర్చుకో’, ‘నువ్వు పాసైతే అదే పదివేలు’ లాంటి మాటలు తరగతిలో క్షణంలో అయిపోతాయి. ఇంటికొచ్చాక అన్నం దగ్గర, హోంవర్కు దగ్గర, మర్నాడు పొద్దున బ్యాగు సర్దుకునేటప్పుడు మళ్లీ మళ్లీ పైకొస్తాయి. అప్పుడు తల్లిదండ్రులకు ఏం చేయాలో పాలుపోదు. బడికెళ్లి నిలదీయాలా, పిల్లలకే సర్దిచెప్పాలా, చూసీచూడనట్టు ఊరుకోవాలా, బడే మార్చేయాలా? అందరికీ సరిపోయే జవాబు లేదు గానీ, జవాబు వెతకడానికి ఒక వరస ఉంది. ముందు బిడ్డ, తర్వాత నోటుపుస్తకం, ఆ తర్వాత టీచరు, చివర ఫిర్యాదు. ఈ వరస తారుమారైతే న్యాయమైన కోపం కూడా తిరిగి బిడ్డ మీదే పడుతుంది.

మాటలన్నీ ఒకటి కావు

పిల్లల్ని నీరుగార్చే మాటలు నాలుగు రకాలు. మొదటిది పని గురించిన మాట. ‘రెండు వారాలుగా హోంవర్కు చేయడం లేదు, ఇలాగైతే పరీక్షలో కష్టం’ అనడం కటువుగా ఉన్నా అందులో సమాచారం ఉంది. రెండోది శక్తి గురించిన మాట. ‘నీకు సైన్సు రాదు’ అన్నప్పుడు అది తీర్పు. బిడ్డ ఏం చేస్తే బాగుపడుతుందో అందులో ఉండదు. మూడోది పరువు తీసే మాట. కులం, రంగు, తండ్రి చేసే పని, ఇంటి పేదరికం, ఆడపిల్ల కావడం, కట్టని ఫీజు లాంటివి నలుగురిలో ఎత్తిపొడవడం ఈ కోవలోకి వస్తుంది. నాలుగోదానికి మాటే ఉండదు. చెయ్యెత్తినా పిలవకపోవడం, నోటుపుస్తకం దిద్దకపోవడం, వెనక బెంచీకి పంపి మరిచిపోవడం. అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడేది ఇదే.

విన్న మాటలో టీచరు చూసిన విషయం ఎంత, ఇచ్చేసిన తీర్పు ఎంత అని విడదీయడమే తల్లిదండ్రుల మొదటి పని. చూసిన విషయాన్ని తీసుకోవాలి. తీర్పును పక్కన పెట్టాలి. అవమానాన్ని ఆపించాలి. ఒకే వాక్యంలో మూడూ కలిసి వస్తాయి కాబట్టే ఈ పని కష్టం. ‘మీవాడు మొద్దు, కూడికలే సరిగా రావు’ అన్న మాటలో మొదటి సగం విసిరేయాల్సిందే. రెండో సగం నిజమో కాదో మాత్రం చూసి తీరాలి.

అంత లోతుగా ఎందుకు దిగుతుంది

చిన్న వయసులో తన తెలివిని కొలుచుకునే కొలబద్ద బిడ్డ దగ్గర ఉండదు. అది టీచరు చేతిలో ఉందని నమ్ముతుంది. టీచరు పెట్టుకున్న ఆశ బిడ్డ చదువు మీద పనిచేస్తుందా అన్నదానిపై బాగా పేరుపడ్డ పరిశోధన అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ చేసినది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, ప్రతి ఐదుగురిలో ఒకరి చొప్పున కొందరు పిల్లల పేర్లిచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారని పరీక్షలో తేలిందని టీచర్లకు చెప్పారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు తీసినవే. ఏడాది తర్వాత ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు మిగతావారికన్నా ముందుకు వెళ్లారు. పై తరగతుల్లో తేడా పెద్దగా కనిపించలేదు. 1968లో వచ్చిన ఈ ఫలితాల మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని తేలినా, చిన్న తరగతుల విషయంలో ఆ హెచ్చరికకు విలువ తగ్గలేదు.

ఆశ ఎలా పనిచేస్తుందో తరగతి గదుల్ని పరిశీలించినవారు చూశారు. చదువు వస్తుందనుకున్న పిల్లవాడు జవాబు కోసం తడుముకుంటే టీచరు కాసేపు ఆగుతారు, ఒక ఆధారం అందిస్తారు. రాదనుకున్న పిల్లవాడు తడుముకుంటే పక్కవాడిని లేపుతారు. ఏడాదిలో వందలసార్లు ఇలా జరిగితే ఒకరికి అభ్యాసం పెరుగుతుంది, ఇంకొకరికి తగ్గుతుంది.

మన దేశంలో ఇందుకు ఇంకో పొర ఉంది. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల పజిళ్లిచ్చి చూశారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ కులం చదివి వినిపించాక దళిత పిల్లలు చేసిన పజిళ్ల సంఖ్య పడిపోయింది. బుర్ర అదే, పజిలూ అదే. మారిందల్లా ఆ గదిలో తనను ఎలా చూస్తున్నారన్న ఎరుక ఒక్కటే. ‘ఊరికే ఒక మాట అంటే ఏమైంది’ అనేవారు ఆలోచించాల్సింది ఇక్కడే.

మొదటి సాయంత్రం

బిడ్డ ఆ మాట ఇంటికి మోసుకొచ్చిన సాయంత్రం చేయాల్సింది వినడం. ‘ఏమైంది నాన్నా?’ అని అడిగి ఆగాలి. ‘నువ్వేం చేశావ్?’ అన్నది మొదటి ప్రశ్న అయితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. సరిగ్గా ఏ మాట అన్నారు, ఏ పీరియడులో, దానికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, ఇది మొదటిసారా అన్నవి నెమ్మదిగా బయటికొస్తాయి. అవన్నీ ఆ రాత్రే తేదీ వేసి రాసిపెట్టుకోవడం మంచిది. ముందు ముందు టీచరుతో మాట్లాడేటప్పుడు జ్ఞాపకం కన్నా ఆ కాగితం నికరంగా ఉంటుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. ఒకటి, ‘సార్ ఊరికే అంటారా?’ అని టీచరు పక్షం చేరడం. బడిలో పడ్డ దెబ్బకు ఇంట్లో రెండో దెబ్బ అది. ఇక మీదట బిడ్డ చెప్పడం మానేస్తుంది. రెండోది, ‘ఆయనకేం తెలుసు, రేపొచ్చి ఆయన సంగతి చూస్తా’ అని బిడ్డ ముందే టీచరును తూలనాడటం. వినడానికి ధైర్యంగా ఉన్నా, మర్నాడు తొమ్మిదింటికి ఆ టీచరు ముందే కూర్చుని పాఠం వినాల్సింది బిడ్డే. గౌరవం పోయినచోట పాఠం ఎక్కదు. ఈ రెంటికీ మధ్య దారి ఉంది. ‘ఆ మాట అనాల్సింది కాదు. నీకు బాధ కలగడంలో తప్పు లేదు. లెక్క ఎక్కడ ఆగిపోతోందో రేపు మనిద్దరం కూర్చుని చూద్దాం’ అంటే బిడ్డకు అండ దొరుకుతుంది, ముందున్న పనీ తెలుస్తుంది.

వయసును బట్టి సంకేతాలు మారతాయి. ఆరేడేళ్ల పిల్లలు మాట చెప్పలేరు. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటారు, ఒక్క సబ్జెక్టు పుస్తకం మాత్రం తరచూ ‘పోయింది’ అంటారు. పద్నాలుగేళ్లవారు ‘ఏం లేదు’ అంటారు. పెద్ద పిల్లల విషయంలో బడికి వెళ్లే ముందు వాళ్లతో చెప్పి వెళ్లాలి. ‘మీరొచ్చి మాట్లాడితే ఇంకా ఎక్కువ చేస్తారు’ అన్న వాళ్ల భయం ఉత్తిది కాదు. ఏం మాట్లాడబోతున్నారో, ఏం మాట్లాడరో ముందే తెలిస్తే ఆ భయం తగ్గుతుంది.

ఈ సందర్భంలో ఎడిసన్ కథ తరచూ వినిపిస్తుంది. టీచరు పంపిన చీటీలో బిడ్డను మందబుద్ధి అని రాస్తే, తల్లి దాన్ని ‘మీవాడు మేధావి’ అని మార్చి చదివిందన్న ఆ కథకు ఆధారం లేదు. ఎడిసన్ స్వయంగా చెప్పింది వేరు. తన బుర్ర సరిగా లేదని టీచరు అనగా తానే విన్నాడు, వెళ్లి తల్లికి చెప్పాడు. ఆమె బడికెళ్లి ఆ టీచరుకు గట్టిగా బదులు చెప్పింది. తర్వాత కొడుకును ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. నాన్సీ ఎడిసన్ చేసిన మేలు పొగడ్త కాదు, పక్కన కూర్చుని నేర్పడం.

నోటుపుస్తకం చెప్పే నిజం

టీచరును కలవడానికి ముందు నోటుపుస్తకం తెరవాలి. మూడో తరగతి పిల్లవాడి తీసివేతల పేజీని తీసుకుందాం. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. 71లోంచి 38 తీసేస్తే 47. 64లోంచి 29 తీసేస్తే 45. మూడింటి మీదా ఎర్ర సిరాతో అడ్డగీతలు, కింద ‘అశ్రద్ధ’ అన్న మాట. కానీ ఇది అశ్రద్ధ కాదు. అశ్రద్ధగా చేసేవాడి తప్పులు తలోరకంగా ఉంటాయి. ఇక్కడ మూడు తప్పులకూ ఒకటే పద్ధతి ఉంది. పైన 2, కింద 7 ఉంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి 5 వేస్తున్నాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అన్న ఒక్క మెట్టు వాడికి అందలేదు. పది పుల్లల్ని రబ్బరుబ్యాండుతో కట్టి, ఆ కట్ట విప్పించి చేయిస్తే నాలుగు రోజుల్లో ఆ మెట్టు ఎక్కుతాడు. ‘లెక్కలు రావు’ అన్న తీర్పు వెనక ఉన్నదల్లా ఈ ఒక్క ఖాళీ. చాలా తీర్పుల వెనక ఇలాంటి ఖాళీలే ఉంటాయి.

తర్వాత చూడాల్సినవి కళ్లు, చెవులు. బోర్డు మీది 3ను 8గా ఎక్కించుకునే అమ్మాయికి కావాల్సింది కళ్లజోడు. చెవిలో చీముతో సరిగా వినపడని పిల్లవాడు ‘చెప్పిన మాట వినడు’ అనిపించుకుంటాడు. రక్తహీనత ఉన్న పిల్లలు మధ్యాహ్నం పీరియడులో తూగుతారు. వీటిలో దేనికీ తిట్టు మందు కాదు.

మాటల్లో చురుగ్గా ఉండి, చదవడం, రాయడం దగ్గర మాత్రం ఏళ్ల తరబడి వెనకబడే పిల్లల్లో డిస్లెక్సియా ఉండవచ్చు. ఇంగ్లిష్‌లో b, d లాంటి అక్షరాలు తారుమారు కావడం, వాక్యం చదువుతూ మాటలు వదిలేయడం, బోర్డు మీదిది ఎక్కించుకోవడానికి చాలాసేపు పట్టడం దాని గుర్తుల్లో కొన్ని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి నేర్చుకునే ఇబ్బందులూ ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు అడగవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతాయి.

ఇంకొక సంగతి మాధ్యమం. తెలుగులో చక్కగా చెప్పగల జవాబును ఇంగ్లిష్‌లో చెప్పలేక తల దించుకునే పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో ఉన్నారు. అక్కడ తక్కువైంది తెలివి కాదు, భాషలో అలవాటు. అదే ప్రశ్న ఇంట్లో తెలుగులో అడిగితే తేడా వెంటనే తెలుస్తుంది.

టీచరుతో ముఖాముఖి

ఈ చూపు, ఈ కాగితాలు చేతికొచ్చాక టీచరును కలవాలి. గేటు దగ్గర, ప్రార్థన గంట కొట్టేటప్పుడు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ మాట ఎత్తకూడదు. డైరీలో రాసి సమయం అడగాలి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి వివరించడం టీచరు విధి అని 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి సమయం అడగడం దయ కోరడం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి సభల్లో పరిచయం పెరుగుతుంది. ఇలాంటి విషయం మాట్లాడటానికి మాత్రం విడిగా పావుగంట కావాలి.

మాట మొదలుపెట్టే తీరును బట్టే మిగతాదంతా నడుస్తుంది. ‘మా పాపను అలా ఎలా అంటారు?’ అంటే టీచరు తనను తాను కాపాడుకునే పనిలో పడతారు. ‘మేడమ్, వారం రోజులుగా పాప లెక్కల పీరియడంటే భయపడుతోంది. ఇంట్లో చూస్తే తీసివేతల దగ్గర ఆగిపోతోందనిపించింది. మీకేం కనిపిస్తోంది?’ అంటే ఇద్దరూ ఒకే నోటుపుస్తకం మీదికి వంగుతారు. ఆ తర్వాత అసలు మాట దాచకూడదు. ‘నీ వల్ల కాదన్నారని చెప్పి ఏడ్చింది. ఏ సందర్భంలో అన్నారో తెలుసుకుందామని వచ్చాను. తనను అలా అనకుండా చూడండి’ అని మెత్తగా, తేటగా చెప్పాలి. బిడ్డ విన్నది సగమే కావచ్చు, వేరే సందర్భంలోది కావచ్చు. ఆ వీలు ఉంచుతూనే మాట ఎక్కడ తగిలిందో తెలియజేయాలి.

టీచరు ఇబ్బందులూ నిజమైనవే. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒకరు, ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మందికి ఒకరు టీచరు ఉండాలి. ఒకే టీచరు ఐదు తరగతులూ చూసే బడులు, ఒక్కో సెక్షన్‌లో పరిమితికి మించి పిల్లలుండే ప్రైవేటు బడులు మన చుట్టూనే ఉన్నాయి. దానికి తోడు యాప్‌లలో నమోదులు, సర్వేలు, ఎన్నికల విధులు. ఆ ఒత్తిడి నోరు జారడానికి కారణం కావచ్చు, సమర్థన మాత్రం కాదు. సమావేశం చివర ఒక చిన్న ఒప్పందం జరగాలి. బడిలో ఏం మారుతుంది, ఇంట్లో ఏం చేస్తారు, మళ్లీ ఎప్పుడు కలుస్తారు అన్న మూడు విషయాలు తేలాలి.

తమకు చదువు రాదనో, కూలి పోతుందనో, ‘పెద్ద సార్ల ముందు మనమేం మాట్లాడతాం’ అనో బడి గడప తొక్కని తల్లిదండ్రులు చాలామంది. వాళ్లు రారన్న ధీమాతోనే కొన్ని మాటలు వాళ్ల పిల్లలకు ఎక్కువగా పడతాయి. నోటుపుస్తకం చదవలేకపోయినా బిడ్డ రాత్రి నిద్రలో ఉలిక్కిపడిందని చెప్పడానికి చదువు అక్కర్లేదు. చదువుకున్న బంధువునో, పొరుగింటి అన్ననో, బడి యాజమాన్య కమిటీలోని తల్లినో తోడు తీసుకెళ్లవచ్చు. ఆ కమిటీల్లో ముప్పావు వంతు సభ్యులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం పెట్టింది ఇందుకే.

చట్టం ఎక్కడ మొదలవుతుంది

మాట మారకపోయినా, అది మొదటి నుంచీ అవమానమే అయినా, తర్వాతి మెట్టు ఎక్కక తప్పదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. పేర్లు పెట్టి పిలవడం, వెటకారం, కులాన్నో తల్లిదండ్రుల వృత్తినో ఎత్తి ఎగతాళి చేయడం, మార్కులు తక్కువొచ్చాయని తరగతిలో చిన్నబుచ్చడం మానసిక వేధింపు కిందికే వస్తాయని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రైవేటు బడులకు మినహాయింపేమీ లేదు.

మొదట హెచ్‌ఎంకు లేదా ప్రిన్సిపల్‌కు తేదీలు, అన్న మాటలు, అప్పటికే చేసిన ప్రయత్నాలు రాసి కాగితం ఇవ్వాలి. అందినట్టు సంతకం తీసుకోవాలి. అక్కడ పని జరగకపోతే ఎంఈఓ, డీఈఓ. చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికారికి రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి. ఆ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దెబ్బలు, బెదిరింపులు ఉంటే మెట్లన్నీ ఎక్కే దాకా ఆగనక్కర్లేదు. 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు చేస్తే బిడ్డ మీద కక్ష కడతారన్న భయం ఉన్నచోట, అదే బాధ పడుతున్న నలుగురు తల్లిదండ్రులు కలిసి సంతకం చేయడం మేలు. అప్పుడు ఏ ఒక్క బిడ్డా గురి కాదు.

పదో తరగతి దాటాక

పెద్ద తరగతుల్లో ఈ సమస్య వేరే వేషంలో వస్తుంది. ‘ఎంపీసీ వద్దు, సీఈసీ తీసుకో’ అన్న సలహా నిజమైన హితవు కావచ్చు, బడి ర్యాంకులు కాపాడుకునే ఎత్తు కావచ్చు. ఏ మార్కుల ఆధారంగా అంటున్నారు, ఏ అధ్యాయాల్లో లోటుంది, వేసవిలో అది పూడే వీలుందా అని అడిగితే తేడా తెలుస్తుంది. హితవు చెప్పేవారి దగ్గర వివరాలుంటాయి. సీఈసీ తెలివితక్కువవాళ్ల గ్రూపన్న మాట కూడా అంతే తప్పు. చేరాల్సింది ఇష్టంతో, శిక్షగా కాదు.

జూనియర్ కాలేజీల్లో వారం వారం పరీక్షల మార్కులతో సెక్షన్లు మార్చడం, కింది సెక్షన్లకు పడ్డవారిని పట్టించుకోకపోవడం తెలుగు ఇళ్లకు తెలిసిన బాధే. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. మార్కుల ప్రకారం బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టుకోవాలని ఆదేశించింది. కాలేజీలో చేర్చే ముందే ఈ రెండు విషయాలూ అడగవచ్చు.

బిడ్డ తిండి, నిద్ర మానేసినా, ఇష్టమైన ఆటలు వదిలేసినా, ‘నేను లేకపోతేనే మేలు’ లాంటి మాట అన్నా అప్పుడు విషయం చదువు కాదు, ప్రాణం. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుల సాయం తీసుకోవాలి. టెలీమానస్ 14416 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

బడి మార్చడం

రెండు మూడు సమావేశాలు జరిగాక కూడా పద్ధతి మారకపోతే, బడి మొత్తం గాలే అలా ఉంటే, మార్చడం ఓటమి కాదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానగి తన చిన్ననాటి గురించి 1981లో రాసిన ‘తొత్తో చాన్’లో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. ఒకటో తరగతిలోనే ఆమెను బడి నుంచి పంపేశారు. తల్లి వెతికి వెతికి తొమోయె అనే బడిలో చేర్చింది. హెడ్‌మాస్టర్ కొబయాషి మొదటి రోజు ఆ పాప చెప్పే కబుర్లన్నీ గంటల తరబడి విన్నారు. మొదటి బడి వెళ్లగొట్టిన సంగతి పాప పెద్దదయ్యేదాకా తల్లి చెప్పలేదు. ‘కొత్త బడికి వెళ్దామా’ అని మాత్రమే అడిగింది. బడి మార్పు బిడ్డకు శిక్షలా అనిపించకూడదన్నది ఇక్కడి కిటుకు. కొత్త బడిని ఎంచేటప్పుడు ఫలితాల ఫ్లెక్సీ కన్నా, తప్పు జవాబు చెప్పిన పిల్లవాడికి టీచరు ఎలా బదులిస్తున్నారన్నది చూడటం ముఖ్యం. మార్చలేని పరిస్థితిలో అదే బడిలో బిడ్డను నమ్మే ఇంకో టీచరును వెతకాలి. పీఈటీ సార్ కావచ్చు, తెలుగు మేడమ్ కావచ్చు. అలాంటివారు ఒక్కరున్నా బిడ్డ మిగతా గంటలు భరించగలుగుతుంది.

బడి మారినా మారకపోయినా బిడ్డకు పక్కన అండ ఉండాలి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ గర్డన్‌కు 1949లో బయాలజీ టీచరు ఇచ్చిన నివేదికలో, ఈ అబ్బాయి శాస్త్రవేత్త కావాలనుకోవడం హాస్యాస్పదమని ఉంది. 2012లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ నివేదికను ఫ్రేము కట్టించి బల్ల దగ్గర పెట్టుకున్నారు. అయితే ఆ మధ్య కాలంలో తల్లిదండ్రులు ఆయనకు విడిగా ట్యూషన్ చెప్పించారు. ‘చేసి చూపించు’ అని బిడ్డను ఒంటరిగా వదిలేస్తే అందరూ గర్డన్లు కారు. నలిగిపోయినవారి కథలు ఎవరూ రాయరు.

నెల తర్వాత

ఏ దారి పట్టినా నెల తర్వాత మళ్లీ చూడాలి. బడికి వెళ్లే ముందు కడుపునొప్పి తగ్గిందా, తరగతిలో చెయ్యెత్తుతోందా, ‘నాకు లెక్కలు రావు’ అనే బిడ్డ ‘ఈ లెక్క రాలేదు, చూపించు’ అంటోందా అన్నవే కొలతలు. మార్కులు వీటి తర్వాత వస్తాయి. మార్పు వస్తే నోటుపుస్తకం తీసుకుని ఆ టీచరు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. అప్పు తెచ్చుకుని సరిగా చేసిన తీసివేతల పేజీ చూపించి, పుల్లలతో చేయిస్తే అర్థమైందని చెప్పి, ధన్యవాదాలు చెప్పాలి. ఆ తరగతిలో అదే మెట్టు దగ్గర ఆగిపోయిన పిల్లలు ఇంకా ఉంటారు. వాళ్ల అమ్మానాన్నలు బడికి రాలేకపోవచ్చు.